జల్లెడగా పుట్టిన కాలేజీ

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే ఊళ్లోనే రెండేళ్ల పైచదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ. హైస్కూలు దాటిన పిల్లలు, పగలు ఉద్యోగం చేసి రాత్రి పాఠాలకు వచ్చేవాళ్లు, యాభై ఏళ్లొచ్చాక కొత్త పని నేర్చుకునేవాళ్లు అందరూ అక్కడ ఒకే తరగతిలో కూర్చుంటారు. సీటు కోసం పోటీ పరీక్ష ఉండదు. ఫీజు యూనివర్సిటీతో పోలిస్తే చాలా తక్కువ. రెండేళ్లు పూర్తిచేసిన వాళ్లకు అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దాంతో ఉద్యోగం చూసుకోవచ్చు, లేదా ఏదైనా యూనివర్సిటీలో నేరుగా మూడో ఏట చేరొచ్చు. ఈ రెండో దారిని అక్కడ ట్రాన్స్‌ఫర్ అంటారు. దేశం మొత్తం మీద ఇలాంటి కాలేజీలు ఇప్పుడు వెయ్యికి పైనే ఉన్నాయి. పేదవాడికి చదువు అందించాలనే ఇవి పుట్టాయని చాలామంది నమ్మకం. మొదట వీటిని తలపెట్టిన పెద్దల లెక్క మాత్రం వేరు.

19వ శతాబ్దంలో అమెరికా యూనివర్సిటీల అధిపతులకు జర్మనీ చదువు మీద మోజు ఎక్కువ. అక్కడ గిమ్నాసియం అనే పాఠశాలలోనే పునాది చదువంతా ముగుస్తుంది. యూనివర్సిటీ పరిశోధన చూసుకుంటుంది. మిషిగన్‌లో హెన్రీ టప్పన్, మిన్నెసోటాలో విలియం ఫోల్వెల్ ఇదే పద్ధతి తమ దగ్గరా రావాలన్నారు. డిగ్రీలో మొదటి రెండేళ్లు నిజానికి బడి చదువే కాబట్టి ఆ భారం హైస్కూళ్ల మీద పెట్టి, నిగ్గుతేలిన వాళ్లను మాత్రం తమ దగ్గరికి పంపమన్నది వాళ్ల వాదన. అంటే యూనివర్సిటీ గుమ్మానికి కాస్త దూరంలో ఒక జల్లెడ కావాలి.

ఆ ఆలోచనకు రూపం ఇచ్చినవాడు విలియం రైనీ హార్పర్. హీబ్రూ పండితుడు, 18 ఏళ్లకే యేల్‌లో పీహెచ్‌డీ పొందాడు. రాక్‌ఫెల్లర్ డబ్బుతో వెలిసిన షికాగో యూనివర్సిటీకి ఆయనే మొదటి అధ్యక్షుడు. 1892లో తరగతులు మొదలైనప్పుడే డిగ్రీని రెండు ముక్కలు చేశాడు. 1896 నుంచి పై భాగాన్ని సీనియర్ కాలేజీ అనీ, కింది భాగాన్ని జూనియర్ కాలేజీ అనీ పిలిచారు. కింది భాగం ముగించిన వాళ్లకు అసోసియేట్ అనే కొత్త పట్టా పెట్టించాడు. రెండేళ్లకే చదువు ఆపేసేవాడు తలవంచుకుని పోకుండా, చేతిలో ఒక కాగితంతో గౌరవంగా వెళ్లిపోవడానికి అది పనికొస్తుందని ఆయన బాహాటంగానే చెప్పాడు. పొమ్మనలేక పొగబెట్టడం కంటే ఇది మర్యాదైన పద్ధతే, కాదనలేం.

షికాగోకు నైరుతి దిక్కున, సున్నపురాతి గనులతో, ఉక్కు మిల్లులతో బతికే జోలియెట్ పట్టణంలో హైస్కూలు సూపరింటెండెంటు జె. స్టాన్లీ బ్రౌన్ హార్పర్‌కు మిత్రుడు. ఇద్దరూ మాట్లాడుకుని 1901లో ఆ హైస్కూలు భవనంలోనే పై తరగతులు మొదలుపెట్టారు. తొలి విద్యార్థులు ఆరుగురు. వాళ్లు అక్కడ చదివిన చదువును షికాగో యూనివర్సిటీ లెక్కలోకి తీసుకుంటుంది. ఒప్పందంలో ఉన్నది అంతే. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో జోలియెట్‌దే అన్నింటికంటే పాతది. హార్పర్ 1906లో పోయాడు. తన జల్లెడ ఏమైందో చూడలేదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. తెలుగునాట జూనియర్ కాలేజీ అంటే పదో తరగతి తర్వాతి ఇంటర్మీడియట్. అమెరికన్ జూనియర్ కాలేజీ 12 ఏళ్ల బడి ముగిశాక వచ్చే 13, 14వ ఏళ్ల చదువు. పేరు ఒకటే అయినా మెట్టు వేరు.

కాలిఫోర్నియాలో ఈ కాలేజీ చేతులు మారింది. 1907లో అక్కడి శాసనసభ, హైస్కూళ్లు పై తరగతులు నడుపుకోవచ్చని చట్టం చేసింది. బర్కిలీలో అలెక్సిస్ లాంగ్, స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ స్టార్ జోర్డన్ దీన్ని గట్టిగా సమర్థించారు. వాళ్ల కారణాలు హార్పర్ కారణాలే. చట్టాన్ని ముందుగా వాడుకున్నది ద్రాక్షతోటల నడుమ ఉన్న ఫ్రెస్నో. 1910లో అక్కడి స్కూలు బోర్డు చెప్పిన కారణంలో పరిశోధన ఊసే లేదు. దాదాపు 200 మైళ్ల దూరంలో ఎక్కడా పైచదువు లేదు, పిల్లలను అంత దూరం పంపి బస, భోజనం ఖర్చులు భరించే స్తోమత ఇక్కడ చాలామందికి లేదు అన్నదే వాళ్ల గోడు. ఇంట్లో ఉండి, ఇంటి అన్నం తిని చదువుకునే కాలేజీ కావాలి. 1917లో రాష్ట్రం, కౌంటీలు డబ్బు ఇవ్వడం మొదలైంది. 1921 చట్టంతో హైస్కూలు చూరు కింద నుంచి బయటికొచ్చి సొంత పాలకమండలి పెట్టుకునే వీలు కలిగింది. ఆ మొదటి జిల్లా మోడెస్టో. యూనివర్సిటీలు తమ బరువు దించుకోవడానికి తలపెట్టిన దాన్ని ఊళ్లు తమ అవసరానికి తిప్పుకున్నాయి. తర్వాతి చరిత్రంతా ఈ రెండు ఉద్దేశాల మధ్య పెనుగులాటే.

1920 వేసవిలో కేంద్ర విద్యా బ్యూరో అధికారి జార్జ్ జూక్ ఈ కాలేజీల పెద్దలను సెయింట్ లూయిస్‌లో సమావేశపరిచాడు. అక్కడ ఏర్పడిన జూనియర్ కాలేజీల సంఘమే ఇప్పటి కమ్యూనిటీ కాలేజీల సంఘం. అప్పటికే 1918లో మిస్సోరీలోని కాలేజీల అధ్యక్షులు మంచి మార్కుల వాళ్ల కోసం ఫై థీటా కప్పా అనే గౌరవ సంఘం పెట్టారు. యూనివర్సిటీ పిల్లలకు ఫై బీటా కప్పా ఉంటే మాకెందుకు ఉండకూడదన్న పంతం ఆ పేరులోనే కనిపిస్తుంది. 1929లో జాతీయ సంఘం దానికి గుర్తింపు ఇచ్చింది. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు రావడంలో ఈ సభ్యత్వం ఇప్పటికీ పనికొస్తుంది.

అదే 1929లో లాస్ ఏంజెలెస్‌లో మరో కాలేజీ తెరిచారు. వెర్మాంట్ అవెన్యూలోని క్యాంపస్‌ను ఖాళీచేసి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాస్ ఏంజెలెస్ శాఖ (యూసీఎల్ఏ) వెస్ట్‌వుడ్‌కు తరలిపోతే, ఆ పాత భవనాల్లోకి జూనియర్ కాలేజీ వచ్చింది. ఆ ఏడే విద్యార్థులు తమ పత్రిక కూడా మొదలుపెట్టారు. కాలేజియన్ పేరుతో అది తరాల పాటు నడిచింది. ఇలాంటి పత్రికలు ఒక్కో కాలేజీలో ఒక్కటి పుట్టాయి. రాత్రి ఇంటికి పోయే పిల్లల కాలేజీకి హాస్టలు కబుర్లు ఉండవు. క్యాంపస్‌లో ఏం జరుగుతోందో తెలియాలంటే పత్రికైనా చూడాలి, నోటీసు బోర్డైనా చూడాలి. ఏ గ్రాంటుకు ఎప్పటిలోగా అర్జీ పెట్టాలి, ఏ యూనివర్సిటీ ప్రతినిధి ఎప్పుడు వస్తాడు అన్న సమాచారం తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడా ఇక్కడ చాలా పెద్దది. బంధువుల్లో ఎవరూ కాలేజీ ముఖం చూడని ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఆ బోర్డే పెద్దదిక్కు.

ఆర్థికమాంద్యం వచ్చాక ఈ కాలేజీలు నిండిపోయాయి. ఉద్యోగాలు లేవు, యూనివర్సిటీకి పంపే డబ్బూ లేదు. ఊళ్లో కాలేజీ ఉంది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెట్టిన నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్ విద్యార్థులకు లైబ్రరీలో, ఆఫీసులో చిన్న పనులిచ్చి నెలనెలా కొంత చేతికిచ్చింది. 1964లో వచ్చిన వర్క్-స్టడీ పథకానికి అది ముందు రూపం.

పాసడీనా జూనియర్ కాలేజీకి వచ్చిన రాబిన్సన్ అన్నదమ్ముల కథ ఆ కాలానికి మంచి సాక్ష్యం. అన్న మాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనకే వచ్చి రజతం గెలిచాడు. తమ్ముడు జాకీ 1937లో అదే కాలేజీలో చేరి ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, లాంగ్‌జంప్ అన్నింట్లో పేరు తెచ్చుకుని, 1939లో యూసీఎల్‌ఏకు ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. 1947లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టినవాడు ఆయనే. నల్లజాతి కుర్రాళ్లిద్దరినీ కాలేజీ చేర్చుకుంది, పేరు వాడుకుంది. ఒలింపిక్ పతకంతో ఊరికి తిరిగొచ్చిన మాక్‌కు దొరికిన ఉద్యోగం మాత్రం వీధులు ఊడ్చేది. కాలేజీ ఇవ్వగలిగిన అవకాశానికి ఊరు గీసిన హద్దు అది.

రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 జూన్‌లో, జీఐ బిల్లు వచ్చింది. సైన్యం నుంచి తిరిగొచ్చిన వాళ్ల ఫీజు ఏడాదికి 500 డాలర్ల వరకు ప్రభుత్వమే కడుతుంది. పైగా ఒంటరివాడికి నెలకు 50 డాలర్లు, ఆధారపడిన వాళ్లుంటే 75 డాలర్లు బతకడానికి ఇస్తుంది. పాతికేళ్లు దాటి, పెళ్లయి, చంటిపిల్లలున్న విద్యార్థులు కాలేజీలకు అప్పటిదాకా అలవాటు లేదు. గదులు చాలక మిలిటరీ వదిలేసిన రేకుల షెడ్లలో పాఠాలు చెప్పారు. రాత్రి తరగతులు పెరిగాయి. మార్కుల్లో కుర్రాళ్ల కంటే వీళ్లే ముందుండటం చూసి పెదవి విరిచిన ప్రొఫెసర్లు మాట మార్చుకున్నారు. ఫలం అందరికీ సమంగా అందలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు కాలేజీల తలుపులు చాలావరకు మూసే ఉన్నాయి.

1946లో అధ్యక్షుడు ట్రూమన్ ఉన్నత విద్య మీద ఒక కమిషన్ వేశాడు. ఆ కమిషన్‌కు అధ్యక్షుడిగా కూర్చున్నది పాతికేళ్ల కిందట సెయింట్ లూయిస్ సమావేశం పిలిచిన జార్జ్ జూకే. 1947 డిసెంబరు నుంచి వెలువడిన ఆరు సంపుటాల నివేదిక, జనాభాలో సగానికి దగ్గరగా 49 శాతం మందికి 14 ఏళ్ల చదువు పూర్తిచేసే శక్తి ఉందని లెక్క కట్టింది. అంతవరకు చదువు ఉచితంగా ఉండాలన్నది. ఆ చదువు చెప్పే చోటును కమ్యూనిటీ కాలేజీ అని పిలవమన్నది. ఊరి అవసరాలను ఊరి కాలేజీ చూడాలి, యూనివర్సిటీ వరండాలా మిగిలిపోకూడదు అన్నది అందులోని సారం. అప్పటినుంచి క్రమంగా కాలేజీల పేరు బోర్డులు మారాయి. ఉచిత చదువు మాత్రం చాలా రాష్ట్రాల్లో కాగితం మీదే ఉండిపోయింది.

1960లో కాలిఫోర్నియా తయారుచేసిన మాస్టర్ ప్లాన్ హార్పర్ జల్లెడను ఏకంగా రాష్ట్ర విధానం చేసింది. హైస్కూలు ముగించిన వాళ్లలో పై ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు. పై మూడోవంతు స్టేట్ కాలేజీలకు. మిగిలిన అందరికీ జూనియర్ కాలేజీ. రెండేళ్లు బాగా చదివితే పైమెట్టు ఎక్కొచ్చన్న హామీ కూడా అందులోనే ఉంది. పలు దేశాలు మెచ్చుకున్న ప్రణాళిక ఇది. పైకెక్కే మెట్ల మీద ఎంతమంది నిజంగా ఎక్కుతున్నారన్నది అప్పుడు ఎక్కువమంది అడగలేదు.

అడిగినవాడు బర్టన్ క్లార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త. సాన్ హోసే జూనియర్ కాలేజీని దగ్గరగా పరిశీలించి, 1960లోనే 'ది ఓపెన్ డోర్ కాలేజ్' అనే పుస్తకం, దాంతోపాటు ఒక వ్యాసం రాశాడు. చేరేవాళ్లలో మూడింట రెండు వంతులు ట్రాన్స్‌ఫర్ కోసమే వచ్చామంటారు, వెళ్లేది మూడోవంతు. మరి మిగిలిన వాళ్లు గొడవ చేయకుండా ఎలా సర్దుకుంటున్నారు? క్లార్క్ చూసింది ఈ వరస: చేరేముందు ఒక పరీక్ష, మార్కులు తక్కువైతే పునాది తరగతులు. తర్వాత ప్రతి సెమిస్టరుకూ కౌన్సెలర్‌తో మాటలు. ఓరియెంటేషన్ అనే తప్పనిసరి తరగతిలో తన శక్తి ఏపాటిదో తానే బేరీజు వేసుకునే అభ్యాసం. మధ్యలో మెరుగుపడాలి అంటూ చేతికొచ్చే నోటీసులు. ఆఖరికి ప్రొబేషన్, అంటే షరతు మీద కొనసాగనివ్వడం. ఇంజనీరు కావాలనుకుని వచ్చినవాణ్ణి ఎవరూ కుదరదు అనరు. ఫైల్లో కాగితాలు ఒక్కొక్కటే పేరుకుంటాయి. ఇంజనీరు సహాయకుడి కోర్సు కూడా బాగుంటుంది కదా అని కౌన్సెలర్ సౌమ్యంగా సూచిస్తాడు. కుర్రాడు ఆ నిర్ణయం తనదే అనుకుని ఇంటికి పోతాడు. దీన్ని క్లార్క్ చల్లబరచడం అన్నాడు. మోసగాళ్ల ముఠా ఒకణ్ణి దోచుకున్నాక, అతను పోలీసుల దగ్గరికి పోకుండా ఓదార్చడానికి ఒకణ్ణి వెనక వదిలి వెళుతుందని ఎర్వింగ్ గోఫ్‌మన్ రాసిన దాంట్లోంచి తీసుకున్న పోలిక అది. నోటీసు బోర్డు మీద అవకాశాల కాగితం ఒకవైపు, చేతికొచ్చే నోటీసు మరోవైపు. ఈ కాలేజీల గురించి ఇంత నిక్కచ్చిగా చెప్పిన మాట మళ్లీ రాలేదంటే అతిశయోక్తి కాదు.

అయినా 1960లలో దేశంలో దాదాపు వారానికో కమ్యూనిటీ కాలేజీ తెరిచారు. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు 18 ఏళ్లకు చేరుకున్న కాలమది. చల్లబడని విద్యార్థులూ వచ్చారు. ఓక్లాండ్‌లోని మెరిట్ కాలేజీలో కలుసుకున్న హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ నల్లజాతి చరిత్ర పాఠాలు కావాలని అక్కడి విద్యార్థి సంఘాల్లో తిరిగారు. 1966 అక్టోబరులో బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టింది వాళ్లే. 1968లో అరిజోనాలో నవాహో జాతి తన సొంత కాలేజీ స్థాపించింది. అమెరికన్ ఆదివాసులు తామే నడుపుకున్న మొదటి కాలేజీ అది. ఇప్పుడు దాని పేరు డినే కాలేజీ.

న్యూయార్క్‌లో 1971లో మొదలైన లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ మరో దారి తొక్కింది. క్వీన్స్‌లో ఫ్యాక్టరీల మధ్య పెట్టిన ఆ కాలేజీలో పగటి విద్యార్థులంతా కొన్ని నెలలు బయట ఉద్యోగం చేయడం చదువులో భాగం. ఇంటర్న్‌షిప్ అన్నది పలుకుబడి ఉన్న ఇళ్ల పిల్లలకే దొరికే కాలంలో, వలస కుటుంబాల పిల్లలకు కాలేజీయే దాన్ని వెతికిపెట్టింది. బ్రాంక్స్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం తెరిచిన హోస్టోస్ కాలేజీని 1976లో నగరం డబ్బులేక మూసేయబోతే, విద్యార్థులూ ఉపాధ్యాయులూ భవనాన్ని ఆక్రమించి కూర్చుని నిలబెట్టుకున్నారు. ఆ నగర కాలేజీల్లో అప్పటిదాకా ఉన్న ఉచిత చదువు కూడా అదే ఏడు ఆగిపోయింది.

డబ్బు సంగతికొస్తే, ఒకచోట వచ్చింది, మరోచోట పోయింది. 1972లో కేంద్రం తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటును నేరుగా పేద విద్యార్థి చేతికే ఇవ్వడం మొదలుపెట్టింది. 1980 నుంచి దాని పేరు పెల్ గ్రాంట్. మరోవైపు 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆస్తిపన్నుకు పగ్గం వేశారు. ఆ పన్ను మీద బతికిన కాలేజీలు చిక్కిపోయి, 1984లో మొదటిసారి సెమిస్టరుకు 50 డాలర్ల వరకు ఫీజు పెట్టాయి. 2012 నుంచి అది యూనిట్‌కు 46 డాలర్లు. అసోసియేట్ డిగ్రీకి కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు. యూనివర్సిటీలో ఒక్క సెమిస్టరుకే అంతకు మించి పోతుంది. పేద విద్యార్థికి ఆ ఫీజు కూడా చాలాసార్లు మాఫీ. అసలు బరువు ఫీజులో లేదు. ఇంటి అద్దె, కారు, పుస్తకాలు, తిండిలో ఉంది. అందుకే ఇప్పటి క్యాంపస్ వార్తల్లో ట్రాన్స్‌ఫర్ మేళాలు, స్కాలర్‌షిప్ గడువుల పక్కనే విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీ వేళలూ కనిపిస్తాయి. పాఠం చెప్పేవాళ్లలోనూ సగానికి పైగా పార్ట్‌టైమ్. పొద్దున ఒక కాలేజీ, సాయంత్రం మరో కాలేజీ అంటూ హైవేల మీదే బతుకు గడిపేవాళ్లు.

ఉచిత చదువు అన్న ట్రూమన్ కమిషన్ మాట ఆరున్నర దశాబ్దాల తర్వాత టెనెసీలో మళ్లీ వినిపించింది. 2014 చట్టం ప్రకారం హైస్కూలు ముగించిన ఎవరికైనా రెండేళ్ల ఫీజులో గ్రాంట్లు పోగా మిగిలింది రాష్ట్రమే కడుతుంది. బదులుగా విద్యార్థి ప్రతి సెమిస్టరుకూ 8 గంటలు సమాజసేవ చేయాలి. 2015 జనవరిలో ఒబామా దీన్ని దేశమంతటికీ చేద్దామన్నాడు; కాంగ్రెసులో నెగ్గలేదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తమ తమ పద్ధతుల్లో అమలు చేసుకున్నాయి. భర్త ఉపాధ్యక్షుడిగా, తర్వాత అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోనూ జిల్ బైడెన్ నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పింది.

ఆ కాలేజీ ఉన్న వర్జీనియా శివార్లలో, డాలస్ దగ్గర కాలిన్ కాలేజీ పరిసరాల్లో, కూపర్టినోలోని డి ఆంజా చుట్టూ తెలుగు కుటుంబాలు ఎక్కువ. ఇండియా నుంచి నేరుగా కమ్యూనిటీ కాలేజీకి వచ్చే తెలుగు విద్యార్థులు తక్కువే. ఎక్కువమంది ఎమ్మెస్‌కు వస్తారు. వాళ్ల ఇళ్లల్లోకి ఈ కాలేజీ వేరే దారిన వచ్చింది. భర్త హెచ్1బీ మీద ఉంటే హెచ్4 వీసా మీద వచ్చిన భార్యకు ఉద్యోగం చేసే హక్కు చాలాకాలం లేదు, చదువుకునే హక్కు ఉంది. 2015లో కొందరు హెచ్4 వాళ్లకు పని అనుమతి వచ్చేదాకా, ఇండియాలో ఇంజనీరింగ్ చదివి కూడా ఖాళీగా కూర్చోలేక అకౌంటింగో, ప్రోగ్రామింగో, చిన్నపిల్లల విద్యో నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లిన తెలుగు గృహిణులు తక్కువేమీ కాదు. ఇప్పుడు వాళ్ల పిల్లలు హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద ఇవే కాలేజీల్లో లెక్కలు, చరిత్ర ముందుగా పూర్తిచేసి, యూనివర్సిటీలో ఒక ఏడాది ఫీజు మిగుల్చుకుంటున్నారు.

ఇండియాలోనూ ఈ పేరుతో కాలేజీలు వచ్చాయి. 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ ఒకటి మొదలుపెట్టింది. 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో యూజీసీ ఒక పథకం కింద నిధులిచ్చింది. ఇక్కడ అవి ఎక్కువగా చేతిపని, నైపుణ్యం నేర్పే కోర్సులకే పరిమితమయ్యాయి. యూనివర్సిటీ మూడో ఏటికి తీసుకెళ్లే దారిగా ఎదగలేదు.

అమెరికాలో ఆ దారే ఇప్పటికీ ఇరుకు. చేరేటప్పుడు పదిమందిలో ఎనిమిదిమంది బ్యాచిలర్ డిగ్రీ తమ లక్ష్యం అంటారు. ఆరేళ్లలో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేది మూడోవంతుకు కొంచెం తక్కువ. డిగ్రీ చేతికొచ్చేది ఆరుగురిలో ఒకరికి. క్లార్క్ లెక్క అరవై ఏళ్లకు కూడా పెద్దగా మారలేదు. ఒక యూనివర్సిటీ ఒప్పుకున్న కోర్సును మరొకటి ఒప్పుకోకపోవడం, చదివిన యూనిట్లు దారిలో కొన్ని పోవడం దీనికి పెద్ద కారణం. 2010లో కాలిఫోర్నియా ట్రాన్స్‌ఫర్ కోసమే ఒక ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ తెచ్చింది. అది ఉన్నవాళ్లకు, ఒకప్పటి స్టేట్ కాలేజీల కూటమి అయిన స్టేట్ యూనివర్సిటీలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. 2014లో ప్రయోగంగా, 2021లో శాశ్వతంగా, కమ్యూనిటీ కాలేజీలే కొన్ని విషయాల్లో సొంతంగా నాలుగేళ్ల డిగ్రీ ఇచ్చే వీలు కల్పించింది. ఏడాదికి 30 కొత్త కోర్సులకు మించకూడదు, యూనివర్సిటీ ఇప్పటికే చెబుతున్న కోర్సు కాకూడదు అని రెండు షరతులు పెట్టింది. ఏది ఆ కోర్సుకు నకలు, ఏది కాదు అన్న దాని మీద స్టేట్ యూనివర్సిటీ పలు ప్రతిపాదనలకు అభ్యంతరం చెప్పింది. కొన్ని ఆ తగాదాలోనే ఏళ్ల తరబడి ఆగిపోయాయి.